మామగారి పక్క కుర్చీ

భోజనాల బంతి సర్దడంలో కృప దిట్ట. అత్తగారు అమలమ్మ గుణదలలో ఉంటూ పెళ్ళిళ్ళకు వంటలు ఒప్పుకుంటుంది. మామగారు ఇశ్రాయేలు పొయ్యిల దగ్గర ఉంటాడు. వచ్చినవాళ్ళను భోజనాలకు కూర్చోబెట్టే పని కోడలిది. మాటల్లేని అన్నదమ్ముల్ని ఎదురెదురుగా వేయకూడదు, వియ్యపురాలికి గుమ్మం దగ్గర కుర్చీ వేయకూడదు, కోడలి పక్కన మామని అసలే కూర్చోబెట్టకూడదు. ఇవి ఒకరు చెప్పాలా ఏమిటి? బంతిలో తగువొస్తే తీర్చేదీ కృపే. అందుకే వడ్డించేవాళ్ళు "లాయరమ్మా" అని ఏడిపిస్తారు.

వాళ్ళు నవ్వులాటకి అన్నా, కృపకు ఆ పేరు నిజంగానే కావాలి. డిగ్రీ నాటి కోరిక అది. పోయినేడు లా ఎంట్రన్స్ రాస్తే, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారని అడిగే ప్రశ్నల దగ్గరే మునిగింది. ఈసారీ సీటు రాకపోతే పుస్తకాలు అటకెక్కించేస్తానని ఒట్టు పెట్టుకుంది. చోద్యం కాకపోతే, ఊళ్ళకు ఊళ్ళను కూర్చోబెట్టే మనిషికి కాగితం మీద ఐదుగురు కుదరరా!

కుదరలేదు. కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పే ఆడపడుచు క్రిస్టినా, ఉల్లిపాయలు తరుగుతున్న వదిన పక్కన చేరి ప్రశ్న చదివింది.

"వరసగా ఐదు కుర్చీలు. నడిమధ్య కోడలు. ఒక చివర అత్త, రెండో చివర కొడుకు. అత్త పక్కన కూతురు. మిగిలిన కుర్చీలో మామ. కోడలికి అటూ ఇటూ ఎవరు?"

కృప కొడుకుని పెళ్ళాం పక్కకు జరిపి, మామని చివరికి పంపేసింది.

"కొడుకు చివరన్నారుగా వదినా!"

"అంటే? కోడల్ని తీసుకెళ్ళి మావగారి పక్కన కూర్చోబెడతారా ఎవరైనా? రాసినాయనకి బుద్ధుండక్కర్లా?"

"ప్రశ్నలో లేని షరతు నువ్వు పెట్టకు తల్లీ, నీకు దణ్ణం పెడతా."

ఇంతలో హాల్ టికెట్ వచ్చింది. చూస్తే పరీక్ష రోజే హనుమాన్ జంక్షన్లో పెద్ద పెళ్ళి ఒప్పుకుని ఉన్నారు. కృప పుస్తకం మూసేసింది. రెండు రోజులు చూసి క్రిస్టినా నిలదీసింది.

"అత్తయ్య ఒప్పుకోరులే," అంది కృప.

"అడిగావా?"

"అడిగేదేముంది, తెలిసిందేగా."

"వద్దని అమ్మ ఎప్పుడంది?"

కృప లెక్కేసుకుంది. పెళ్ళయి పదకొండేళ్ళు. అత్తగారు దేనికీ వద్దన్న గుర్తు లేదు, అసలు తను ఏదీ అడిగితేగా! ఒళ్ళు మండిపోయింది, ఎవరి మీదో తెలియలేదు. విసవిసా వంటింట్లోకి వెళ్ళి అడిగేసింది.

అమలమ్మ పులిహోర కలుపుతూ తలైనా ఎత్తలేదు. "పరీక్షా? వెళ్ళిరా."

"మరి బంతులో అత్తయ్యా?"

"నువ్వు లేకపోతే జనం తినకుండా పోతారా ఏంటి? ఖాళీ ఉన్నచోట కూర్చుంటారు."

కృపకు బోలెడు సంతోషం వేసింది. ఆ చివరి మాట మాత్రం కాస్త గుచ్చుకుంది.

పరీక్షలో కుర్చీల ప్రశ్నలు వచ్చాయి. ఎవరిని ఎక్కడ వేయమంటే అక్కడే వేసింది, వావివరసల జోలికి పోలేదు. తర్వాత సీటు కూడా వచ్చిందిలెండి. ఆ రోజు మాత్రం ఫలితం సంగతి తెలియక, రాసిన జవాబులే మళ్ళీ మళ్ళీ సరిచూసుకుంటూ బస్సెక్కి జంక్షన్లో దిగింది.

అప్పటికి ఆఖరి బంతి నడుస్తోంది. వంటవాళ్ళు తినే బంతి అది. ఒక్క కుర్చీ ఖాళీగా ఉంది, ఇశ్రాయేలు పక్కన.

"నేను తర్వాత తింటానత్తయ్యా."

"మాడు మొహం వేసుకొచ్చి తర్వాతేంటి? కూర్చో."

"మావయ్యగారి పక్కనా?"

"ఏం, కరుస్తాడా?"

కృప ఒదిగి కూర్చుంది. ఇశ్రాయేలు తన విస్తరి కాస్త పక్కకు జరుపుకుని, వంకాయ కూర గిన్నె ఇటు తోశాడు.

"బాగా రాశావా అమ్మా?"

"రాశానండి."

ఆయన రెండు ముద్దలు తిని, ఆగి, మెల్లగా అన్నాడు. "నువ్వు మాతో ఎప్పుడూ కూర్చుని తినవేంటా అనుకునేవాణ్ణమ్మా ఇన్నాళ్ళూ. మా వంట నచ్చదేమో అనుకున్నా."

కృప కుర్చీ కాస్త దగ్గరికి లాక్కుని, వంకాయ కూర ఇంకోసారి వడ్డించుకుంది.