టీ పెట్టెకు కట్టిన దూదేకుల నరం

మా ఆయన వాయించిన వాద్యానికి సరైన పేరు లేదు. కొందరు పెట్టె అన్నారు, బ్యాండులో వాళ్ళు బేసు అనేవాళ్ళు. నా మటుకు నాకు అది మా విల్లే. పరుపుల దూది ఏకే విల్లు. మా మామ చేతిలోంచి మా ఆయన చేతికి వచ్చింది. దాన్ని విప్పి టీ పెట్టెకు కట్టిన రోజు నేను పొయ్యి ముట్టించలేదు.

మేము దూదేకులవాళ్ళం, ఉండేది కర్నూలు పాత ఊళ్ళో. విల్లుకు కట్టిన గొర్రెపేగు నరాన్ని దూదిలో ఆనించి కొయ్య గుండుతో కొడితే ఢుం ఢుం అని మోగుతుంది, గడ్డకట్టిన దూది పొగలాగా లేస్తుంది. ఆయన ఏకేవాడు, నేను దబ్బనంతో పరుపు కుట్టేదాన్ని. కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఊరంతా గుడారాలే. వాటిలో కాపురమున్న ఆఫీసర్లకు పరుపులు కుట్టి కుట్టి నా వేళ్ళు కాయలు కాచాయి. ఆ వెనకే మిషనులో ఏకిన దూది బజారుకు వచ్చింది. వారానికి ఒక పరుపు, ఆ తర్వాత నెలకు ఒకటి, ఆ తర్వాత అదీ లేదు. విల్లు గోడకు వేలాడుతుంటే ఆయన దాని కింద కూర్చుని ఉండేవాడు. అట్లా చూడడం ఎంత కష్టమో పని పోయిన మగవాడి పెళ్ళానికే తెలుస్తుంది.

అప్పుడు డోన్ రైలు కాలనీ నుంచి పిలుపు వచ్చింది. ఇంజను నడిపే ఆంగ్లో ఇండియన్ దొర ఒకాయన ఇంట్లో పరుపులన్నీ మళ్ళీ ఏకాలట. వాళ్ళ వరండాలో పని చేస్తున్నాం. ఆదివారం కాబట్టి దొర, ఆయన స్నేహితులిద్దరు పాటకు కూర్చున్నారు. ఒకాయన దగ్గర గిటారు, ఇంకొకాయన బట్టలుతికే గీతల రేకును వేళ్ళతో గీకుతున్నాడు. దొర మాత్రం టీ పొడి వచ్చే పెద్ద చెక్కపెట్టెను బోర్లించి, దాని నడిమధ్య నుంచి ఒక తాడు పైకి తీసి, పెట్టె అంచున నిలబెట్టిన చీపురు కర్ర కొనకు కట్టాడు. కర్రను వెనక్కి లాగి మీటితే గొంతు లేస్తోంది, వదిలితే దిగిపోతోంది. మా ఆయన ఏకడం ఆపేసి చూస్తున్నాడు.

"ఏం చూస్తాండావు మ్యాన్?" అన్నాడు దొర. "ఇంగ్లండులో నా తమ్ముడు ఉండాడు. ఉత్తరంలో బొమ్మ గీసి పంపినాడు. ఆడ వయసు పిల్లోళ్ళందరూ ఇదే వాయిస్తాండారంట."

"ఇది మా విల్లే దొరా," అన్నాడు మా ఆయన. "మీ తాడు మంచిది కాదు. దీనికి నరం కట్టల్ల."

అడగకుండానే మా సంచిలోంచి కొత్త నరం తీసి కట్టాడు. దొర మీటేసరికి కిటికీలో పెట్టిన గాజు గ్లాసులు వణికాయి. ఇంట్లోంచి దొరసాని పరుగెత్తుకొచ్చింది. మేము పరుపులు కుట్టి ఇచ్చి వచ్చేశాం గానీ మా ఆయన మనసు ఆ వరండాలోనే ఉండిపోయింది.

వారం తిరక్కుండా టీ కొట్టు నుంచి ఖాళీ పెట్టె ఒకటి తెచ్చాడు. విల్లు బద్దను రంపంతో కోసి కర్ర చేశాడు.

"విల్లు కోస్తే ఏం తింటాం? పెట్టెను తింటామా?" అని అరిచాను.

"విల్లు ఉన్నెప్పుడు ఏం తింటాండామో చెప్పు," అన్నాడు.

నేను నోరు మూసుకోలేదు, చాలా అన్నాను. ఇక్కడ చెప్పను.

మరుసటి రోజు పొద్దున ఆ మోత వీధిలోకి వినపడింది. చాలా రోజులకు దూదేకుల ఇంట్లో మోత వచ్చిందని, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చిరిగిన బొంతలూ దిండ్లూ చంకన పెట్టుకుని వచ్చేశారు. అందరికంటే ముందు వచ్చింది ఎదురింటి అవ్వ.

"ఏమప్పా, కొత్త మిషను తెచ్చినావంటనే. నా బొంతలో దూది శానా గడ్డకట్టిండాది. ముందు నాది ఏకు."

"ఇది దూదికి కాదవ్వా. వాయించేదానికి."

"వాయించు, నేనేమన్నా వద్దంటినా? వాయిస్తా వాయిస్తానే ఏకు."

ఎంత చెప్పినా అవ్వ నమ్మలేదు. మా ఆయన చేతి గుండు చూస్తే ఎవరు నమ్ముతారు? వేలితో మీటాల్సిన నరాన్ని ఆయన అలవాటు కొద్దీ గుండుతోనే కొడుతున్నాడు. అవ్వ బొంతను మా గడపలో పెట్టి పోయింది. చివరికి దాన్ని నేనే విప్పి, చేత్తో పింజలు తీసి, మళ్ళీ కుట్టి ఇచ్చాను.

మా పక్క వీధిలో ఒక బ్యాండు మేళం ఉండేది. దాన్ని నడిపే ఉస్తాద్ క్లారినెట్ వాయిస్తాడు. మా ఆయన పెట్టె ఎత్తుకుని ఆయన ముందుకు పోయాడు. ఉస్తాద్ మొదట ఆ గుండు పీకి అవతల పారేశాడట.

"గుండుతో కొడితే అది దూది ఏకేదే. వేలు పెట్టు."

వేలు చిట్లేదాకా మీటి చూపించాడు ఈయన. ఉస్తాద్ అంతా విని అన్నాడట:

"జనం నా క్లారినెట్ వింటారు, డ్రమ్ము వింటారు. మధ్యలో నీ గొణుగుడు ఎవురు వింటారప్పా?"

"వినకున్నా పర్వాలేదు ఉస్తాద్. పక్కన నిలబడనీ."

"ఆలూరులో పెండ్లి ఉండాది, రా. కుదిరితే మా బ్యాండు ఎర్రకోటు ఇస్తా. కుదరకుంటే ఆ పెట్టెను ఆడనే వంట పొయ్యిలో పెట్టి రా."

అదీ మా పరిస్థితి. విల్లు మళ్ళీ కట్టడానికి లేదు. కోటు రాకపోతే ఆయన అటు ఏకేవాడూ కాడు, ఇటు వాయించేవాడూ కాడు.

ఆ పెండ్లివారే పడకటింటి పరుపు కుట్టడానికి నన్ను కూడా రమ్మన్నారు. భూములున్న పెద్ద ఇల్లు. కుట్టుపని ముగించి నేను ఆడవాళ్ళతో కలిసి వీధిలోకి వచ్చేసరికి మధ్యాహ్నం ఎండ మండుతోంది, పెండ్లికొడుకును ఎదుర్కొని తీసుకొస్తున్నారు. ఎర్రకోట్ల వాళ్ళ వెనక, పెద్ద డ్రమ్ము మోసే ముసలాయన పక్కన, తెల్ల చొక్కాతో మా ఆయన. నడవడానికి వీలుగా పెట్టెకు పరుపు గుడ్డ పట్టీ కట్టి మెడకు తగిలించుకున్నాడు. ఆ పరుపు గుడ్డను పెండ్లికొడుకు మేనమామ చూశాడు.

"ఏమప్పా ఉస్తాద్, పరుపులోణ్ణి గూడా పిల్చుకొచ్చినావే! మా వోనికి అంత తొందర లేదులేప్పా!"

వీధి వీధంతా నవ్వింది. ఉస్తాద్ ముఖం మాడిపోయింది. వెనక్కి తిరక్కుండానే చెయ్యి ఊపి మా ఆయనను ఆపేయమన్నాడు. ఈయన పట్టీ తీసి, పెట్టెను ఒక అరుగు పక్కన దించి, దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

నా పక్కనున్న ఆమె నవ్వు ఆపుకోలేక నా భుజం తట్టింది. "ఆ పెట్టెవోడు కర్నూలోడే గదా? నీకు తెలుసునా?"

"ఏమో అక్కా. బ్యాండోళ్ళు నాకెట్ల తెలుస్తారు?" అన్నాను.

ఆయన నాకు ఐదడుగుల దూరంలో ఉన్నాడు.

మేళం ముందుకు సాగింది, వెనకే మేము ఆడవాళ్ళం. మలుపు దగ్గరికి చేరిందో లేదో డ్రమ్ము ఒక దారి, క్లారినెట్ ఒక దారి అయింది. ఉస్తాద్ ఆపి వెనక్కి వచ్చాడు.

"నిద్రపోతాండావా పెద్దాయనా?"

ముసలాయన ఉస్తాద్ పెదాలు కదిలేది చూసి, కర్రలు చంకలో పెట్టుకున్నాడు. "నిద్ర కాదు ఉస్తాద్. చెవుడు."

అందరూ ఆయన వైపే చూశారు.

"రెండేండ్లాయ. నీ భుజాలు కదిలేది చూసి కొడతాంటి. ఈ పొద్దు గొడుగులు అడ్డమొచ్చినాయి. పొద్దున్నుంచి ఆ దూదేకులాయప్ప పక్కన ఉన్నెప్పుడు చూసేపనే లేకపాయ. ఆ మోత నా పొట్టలో తగుల్తాది, చెయ్యి దానంతట అది పడతాది. ఇప్పుడు నన్ను ఇంటికి పంపుతావో, ఆయప్పను పిలుస్తావో నీ ఇష్టం."

డెబ్బై ఏండ్ల మనిషి, తన కూడు తనే పోగొట్టుకునే మాట నలుగురిలో అన్నాడు. మా ఆయనకు ఆయన బంధువు కాదు, స్నేహితుడూ కాదు. ఉస్తాద్ క్లారినెట్‌లోని ఎంగిలి విదిలించాడు, చాలాసేపు విదిలించాడు. ఆ తర్వాత అరుగు వైపు చూసి, "ఏయ్ పెట్టె! రా, పెద్దాయన పక్కకు రా," అన్నాడు.

పెండ్లివాళ్ళు మళ్ళీ నవ్వారు. ఈసారి ఉస్తాద్ పట్టించుకోలేదు. ఈ ఇద్దరూ భుజం భుజం రాసుకుంటూ నడిచారు, డ్రమ్ము తప్పలేదు.

ఎర్రకోటు ఇచ్చారు, చేతులు పొట్టి. దాంతోనే చాలా ఏండ్లు నంద్యాల, కడప, అహోబిలం దారిలో ఉన్న ఊర్లు, ఎక్కడ పెండ్లి అయితే అక్కడికి పోయాడు. తర్వాత వేరే బ్యాండుల వాళ్ళూ పెట్టెలు చేసుకున్నారు. మొదట చేసింది ఈయనేనని ఎవరికీ తెలియదు, ఈయనా చెప్పుకోలేదు. కన్నుమూసేనాటికి ఆయన కుడిచేతి చూపుడు వేలికి స్పర్శ లేదు.

ఆలూరు పెండ్లి మరుసటి రోజు పొద్దున ఆదోని దాకా ఎద్దులబండిలో వచ్చాం. బ్యాండువాళ్ళు ముందు బండిలో, మేమిద్దరం, పెట్టె వెనక బండిలో. ఆయన ఎద్దుల వైపే చూస్తున్నాడు. కోపమో, అలసటో తెలియలేదు. రెండు మైళ్ళు ఓర్చుకున్నాను.

"నిన్న ఒకామె అడిగితే నీవు ఎవురో తెలీదంటి," అన్నాను.

"విన్నాలే," అన్నాడు. "మోత ఆగితే అన్నీ వినపడతాయి."

తిట్టినా బాగుండేది. అటు తిరిగి కూర్చుంటే కాలర్ పైన మెడ కనపడింది. పట్టీ ఒరుసుకుని తోలు లేచి, చొక్కాకు నెత్తురు అంటింది.

"ఆ పట్టీ ఇట్లియ్యి," అన్నాను.

ఇచ్చాడు. సంచిలో మిగిలిన దూది తీసి, బాగా పింజ విడదీసి, పట్టీలో కూరి, దబ్బనం అందుకున్నాను. బండి ఎగిరి ఎగిరి పడుతుంటే కుట్లు వంకర పోయాయి. ఆదోని వచ్చేసరికి సగం కుట్టాను.