నాకు తోచిన మొదటి పోలిక

నా చిన్నప్పుడు మా పక్కింటి అక్కంటే నాకు ఒళ్లు మంట. ఇన్నేళ్ల తర్వాత దానికి అభిమానమనో, ఆశ్చర్యమనో పేరు పెట్టి పరువు కాపాడుకోవచ్చు గానీ, అది అచ్చమైన కుళ్లు. ఆమె నాకంటే నాలుగేళ్లు పెద్దది. ఐదో తరగతితో బడి మానేసింది. నేను ఏడో తరగతి, క్లాసులో ఫస్టు. ఆమెకు రాని ఎక్కాలు నాకు వచ్చు, ఆమె చదవలేని పుస్తకాలు నేను గడగడా చదివేస్తాను. అయినా మా ఇంట్లో ఆమె మాటకున్న విలువ నా మాటకు లేదు. నాకు కడుపు మండదా మరి!

మాది కరీంనగర్ నుంచి బస్సులో గంట దూరంలో ఉన్న చిన్న ఊరు. మా బజారంతా నేతపని వాళ్లమే. మా నాన్న, అంటే బాపు, బొంబాయి దగ్గరి భివండిలో పవర్‌లూమ్‌ల మీద పనిచేసేవాడు, ఏడాదికోసారి ఇంటికి వచ్చేవాడు. ఇంట్లో ఉండేది నేను అవ్వ అని పిలిచే మా అమ్మ, నేను, నాయనమ్మ. నాయనమ్మకు అప్పటికి మూడేళ్ల కిందటే చూపు పూర్తిగా పోయింది. చూపు పోయినా చేతులు ఊరుకోలేదు. గడప పక్కన రాట్నం ముందు కూర్చుని, ఒక చేత్తో చక్రం తిప్పుతూ, రెండో చేతి వేళ్ల సందున దారం పట్టుకుని పొద్దంతా కండెలు చుట్టేది. కండె అంటే నేతకు కావలసిన దారం చుట్టుకునే చిన్న కర్ర. దారం ఎంత నిండిందో బొటనవేలితో తడిమి ఇట్టే చెప్పేది.

చేతులకు పని ఉంది, కళ్లకే లేదు. అందుకని బజార్లో ఏ అలికిడైనా ఆమెకు తెలియాలి. ఎవరు పోయారన్నది అడుగుల చప్పుడుతో తనే పోల్చుకునేది. ఆమెకు కావలసింది వాళ్లు ఎట్లా ఉన్నారన్నది. నేను బడి నుంచి రాగానే మొదలుపెట్టేది. నేను చూసింది చూసినట్టు చెప్పేదాన్ని. ఒకసారి ఎదురింటామె కొత్త చీర కట్టుకుని పోతుంటే, ఎర్ర చీర, ఆకుపచ్చ అంచు అని చెప్పాను. "ఎర్ర అంటె ఎంత ఎర్ర బిడ్డా?" అంది. మస్తు ఎర్ర అన్నాను. అంతకంటే ఏం చెప్పాలి? అంతలో మా గోడ మీదుగా పక్కింటి అక్క తల పెట్టింది. "నువ్వు ఆకు వక్క నమిలినంక నీ నాలుక ఉంటదిగదా నాయినమ్మా, అంత ఎర్ర" అంది. ఇక చూడాలి మా నాయనమ్మ సంబరం! నాలుక బయటికి చాపి, తనకు కనబడుతుందన్నట్టు కళ్లు కిందికి దించి, పకపకా నవ్వింది.

నా నాయనమ్మను అది కూడా నాయినమ్మా అనే పిలిచేది. అదొకటి నాకు.

ఆ నవ్వు నావల్ల రావాలని పట్టుబట్టాను. మా తెలుగు వాచకంలో పోలికలకు కొదవ లేదు. అన్నీ వరుసగా కంఠస్థం చేశాను. మా బజారుకు ఒక కొత్త కోడలు వచ్చిన రోజున పరుగెత్తుకుంటూ వచ్చి, ఆమె ముఖం చంద్రబింబమని, కళ్లు కలువరేకులని, నడక హంస నడకని ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పాను. నాయనమ్మ రాట్నం ఆపి విన్నది.

"హంసను నువ్వు సూసినవా బిడ్డా?"

"లేదు."

"నేను గూడ సూడలే. ఇద్దరం సూడనిదాన్ని నడుమల పెట్టుకొని ఏం ముచ్చట పెట్టుకుంటం?"

వెక్కిరింపుగా అనలేదు, నిజంగానే అడిగింది. అయినా నాకు ముఖం మాడిపోయింది. సాయంత్రం అక్క వచ్చింది. కొత్త కోడలు ఎట్లా ఉందని ఆమెనూ అడిగింది నాయనమ్మ. అక్క, "బజార్ల పడుగు కట్టినప్పుడు దారాలు తెగుతయేమోనని మనం ఎట్ల దాటుతం? గా పిల్ల ఉత్త నేల మీద గూడ గట్లనే నడుస్తుంది" అంది. నాయనమ్మ నవ్వలేదు. "అయ్యో, భయపడుతుందే పాపం" అని, మా అవ్వను పిలిచి ఆ పిల్లకు ఏదైనా తీపి చేసి పంపించమంది. నేను ముఖం చూశాను, కళ్లు చూశాను, నడక చూశాను. భయం నాకు కనబడలేదు. అక్కకు కనబడింది. ఆమె ఒక్క మాటతో కళ్లు లేని నాయనమ్మకు కూడా కనబడింది. నేను అన్నం తినకుండా అలిగి పడుకుంటే ఎవరూ ఎందుకని కూడా అడగలేదు.

ఆ తర్వాత నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు. కానీ చెప్పకపోతే ఈ కథ రాయడమే దండగ.

మర్నాడు బడి లేదు. నాయనమ్మ ఎదురుగా కూర్చుని ఆమెనే చూస్తున్నాను. అక్క వస్తుందని ఆమె చెవులు రిక్కించి ఉంది. ఉన్నట్టుండి ఆమె కళ్లు నా కంటబడ్డాయి. అంతకుముందు వాటిని నేనెప్పుడూ అంత పరీక్షగా చూడలేదు. మాట దానంతటదే వచ్చింది. "నాయినమ్మా, నీ కండ్లు ఉడకవెట్టి పొట్టు తీసిన కోడిగుడ్ల లెక్క ఉన్నయట. పక్కింటి అక్క అందరితోని చెప్తుంది" అన్నాను.

రాట్నం ఆగింది. నాయనమ్మ చెయ్యి మెల్లగా పైకి లేచి, ఒక కంటిని తడిమి, మళ్లీ చక్రం మీదికి వచ్చింది. అక్క గోడ మీదుగా పిలిస్తే తలనొప్పిగా ఉందని చెప్పించింది. ఆ తర్వాత కూడా నాయనమ్మ ఆమెను పిలవలేదు. నేను గెలిచాను.

వారం రోజులు నాయనమ్మ మొత్తం నాదే. బడి నుంచి వచ్చి పక్కన కూర్చునేదాన్ని. కానీ ఆమె ఏదీ అడగడం మానేసింది. బజార్లో బ్యాండుమేళం పోయినా అడగలేదు. మబ్బు పట్టినా అడగలేదు. నేనే ఉండబట్టలేక చెప్పబోతే, "ఉండనీ తియ్ బిడ్డా" అనేది. అప్పుడప్పుడు ముఖం నా వైపు తిప్పి, ఏదో వింటున్నట్టు కాసేపు అట్లాగే ఉండేది. ఏమిటి నాయినమ్మా అంటే ఏం లేదనేది.

ఆ వారం చివర ఒకరోజు పొద్దున్నే చెప్పా పెట్టకుండా బాపు దిగాడు. భివండిలో రెండు నెలల నుంచి జ్వరం, దగ్గు అట. గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి మా అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. నాయనమ్మ చేతులు చాపి రమ్మంటే, దగ్గు ఆమెకు అంటుకుంటుందని భయపడి, "ఒళ్లంత దుమ్మున్నదవ్వా, తానం జేసి వస్త" అని దూరం నుంచే తప్పుకుని లోపలి గదిలోకి పోయి పడుకున్నాడు. గొంతు మారిందని నాయనమ్మకు తెలిసిపోయింది.

"ఎట్లున్నడు?" అని మా అవ్వను అడిగింది. మంచిగున్నడంది అవ్వ. చూడవచ్చిన వాళ్లందరూ అదే చెప్పారు. చివరికి నన్ను దగ్గరికి పిలిచి రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు చెప్పు బిడ్డా. నా కొడుకు ఎట్లున్నడు?"

వారం నుంచి నేను కాచుకున్నది ఆ మాట కోసమే. పైగా ఆయన నా బాపు. ఎంత వెతికినా నాకొక్క మాట దొరకలేదు. బక్కగ అయ్యాడంటే అవ్వ తిడుతుంది. పుస్తకంలో ఉన్నవేవీ బాపుకు అతకవు. మంచిగున్నడని నేనూ అన్నాను. నాయనమ్మ నా చేతులు వదిలేసింది. "పో, పక్కింటి పిల్లను తీస్కరా" అంది.

ఆ పది అడుగులు వెయ్యడానికి నా ప్రాణం పోయింది. పిలవగానే అక్క చేతిలో పని కింద పెట్టి లేచింది. దారిలో మాత్రం, "నాయినమ్మకు నా మీద కోపమచ్చిందా?" అని అడిగింది. నాకేం ఎరుక అన్నాను, తల కూడా ఎత్తకుండా.

అక్క లోపలి గది దగ్గర నిలబడి నిద్రపోతున్న బాపును చాలాసేపు చూసింది. తర్వాత వచ్చి నాయనమ్మ పక్కన కూర్చుంది. "దారం అయిపోవచ్చిన కండె లెక్క ఉన్నడు నాయినమ్మా. కర్ర కనవడుతుంది" అంది.

మా అవ్వ గోడకు ఆనుకుని బోరుమంది. నాయనమ్మ ఏడవలేదు. పక్కనే ఉన్న ఖాళీ కండె ఒకటి చేతిలోకి తీసుకుని వేళ్లతో తడిమింది.

"కర్ర ఎట్లున్నది? పగిలిందా?"

"పగలలే. గట్టిగనే ఉన్నది."

"గట్లయితె ఫికర్ జెయ్యకున్రి. సుట్టుడు నాకెరుకే" అంది నాయనమ్మ. అంతే, ఇంట్లో పని మొదలైంది. రేపే కరీంనగర్ పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మంది, గుడ్లు తెప్పించమంది, ఆయన మళ్లీ భివండి పేరు ఎత్తొద్దంది. అప్పటిదాకా అబద్ధాలతో ఊపిరి బిగబట్టుకున్న ఇల్లు ఆ ఒక్క నిజంతో కదిలింది. నేను మూలన నిలబడి చూస్తున్నాను. బాపు బతుకుతాడన్న సంతోషంలో కూడా, ఆ మాట నాకెందుకు రాలేదన్న మంట చల్లారలేదు. సిగ్గులేని మనసు!

అక్క లేవబోతుంటే నాయనమ్మ ఆపింది. "ఇంకొకటి చెప్పిపో. నా కండ్లు ఎట్లున్నయే?"

నేను మూలన గోడకు అతుక్కుపోయాను. అక్క ముందుకు వంగి ఆ ముఖంలోకి చూసింది. "తలుపు దగ్గరికేసిన ఇల్లు లెక్క ఉన్నయి. లోపల మనుషులున్నరని బయటికి ఎరుకైతది" అంది. నాయనమ్మ ఆమె తల నిమిరి పంపించింది.

ఆ తర్వాత నన్ను రమ్మంది. నాలుగు తగిలిస్తుందనుకున్నాను. తగిలించినా బాగుండేది. "గుడ్ల మాట నీదే అని నాకు గప్పుడే ఎరుక. గా పిల్లను గూడ పిలువకుంట, నువ్వే చెప్తవేమోనని వారం దినాలు సూసిన" అంది నెమ్మదిగా. నేను ఏడుపు అందుకున్నాను. ఆమె నా ముఖం తుడుస్తూ, "మాట మంచిగనే కుదిరింది బిడ్డా. నువ్వు సూడకుంట అనలే, శాన మంచిగ సూసినవు. గాని నాకు నొప్పి పెట్టనీకి సూసినవు" అంది. ఈ సంగతి నాయనమ్మ అక్కతో ఎన్నడూ అనలేదు, ఇంట్లో ఎవరితోనూ అనలేదు. బాపు కోలుకోవడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా అక్క మా ఇంటికి రోజూ వచ్చింది.

తర్వాత నేను తెలుగు పంతులమ్మనయ్యాను. ఉపమాలంకారం ఎన్ని క్లాసులకు చెప్పానో లెక్కలేదు. ఉపమేయం, ఉపమానం అని నల్లబల్ల మీద విడదీసి రాసేదాన్ని. ఆ పోలికను ఎందుకోసం వెతికామన్నది ఏ పుస్తకంలోనూ లేదు, పరీక్షలో అడగరు. నాకు మాత్రం అదే పాఠం. ఇవ్వాళ్టికీ ఒక మనిషిని చూడగానే పోలిక నాలుక మీదికి వచ్చి నిలబడుతుంది. మొదట వచ్చేది ఎప్పుడూ గుచ్చేదే. దాన్ని మింగేసి, రెండోది వచ్చేదాకా నోరు మూసుకుని ఆగుతాను. ఒక్కోసారి చాలాసేపు ఆగాల్సి వస్తుంది. అక్కకు మాత్రం మొదటిదే మంచిది వచ్చేది. అరవై దాటినా ఆ కుళ్లు నాకింకా పోలేదు.