ఒంటి తుమ్ము

మా ఇంట్లో తుమ్ముకు ఉన్న విలువ మనిషికి ఉండేది కాదు. పసిపిల్లలు తుమ్మితే "చిరంజీవ" అనేవారు. బయల్దేరేటప్పుడు ఎవరైనా ఒక్కసారి తుమ్మితే మాత్రం ఆగిపోవాల్సిందే. కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్ళీ లేవాలి. వెంటనే రెండో తుమ్ము వస్తే దోషం పోయినట్టు. మిరపకాయల ఘాటుకి వచ్చే తుమ్ములకు మినహాయింపు ఉండేది. లేకపోతే మా గుంటూరు జిల్లాలో ఎవరూ గడప దాటలేరు.

నాన్న పోయాక ఇంట్లో పెదనాన్న మాటే చెల్లేది. ఆడపిల్ల చదువుకని ఊరు దాటడం ఆయనకు గిట్టదు. టీచర్ ట్రైనింగ్ ఇంటర్వ్యూకి నేను గుంటూరు బయల్దేరిన పొద్దున పెరట్లో కారం దంచుతున్నారు. పెదనాన్న వీధరుగు మీద కూర్చుని ఒక్క తుమ్ము తుమ్మాడు. ఆయన వేళ్ళకు అంటిన ముక్కుపొడుం నేను చూశాను.

"కారం ఘాటండీ బావగారూ, పిల్లని పోనీండి," అని అమ్మ బతిమాలింది.

"తుమ్ము తుమ్మే. కూర్చోమను," అన్నాడు.

కూర్చున్నాను. ఉన్న ఒక్క బస్సూ వెళ్ళిపోయింది. సీటు ఇంకెవరికో దక్కింది. నేను ఏడవలేదు, పళ్ళు నూరుకున్నాను.

మిరపకాయలు ఇంటికొచ్చే రోజుల్లో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. పెదనాన్న ప్రెసిడెంటుగా నిలబడాలనుకున్నాడు. నామినేషన్‌కి అది ఆఖరి రోజు, మధ్యాహ్నంతో గడువు సరి. జీపు వాకిట్లో ఉంది. నేను అక్కడే తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతున్నాను. ఆయన కండువా వేసుకుని లేవగానే ఒక కాయ విరిచి వాసన చూశాను. తుమ్మాను. రెండోది రాకుండా ముక్కు నులిమి పట్టుకున్నాను.

"మిరపకాయ తుమ్మండీ, లెక్కలేదు. రండి," అన్నాడు డ్రైవరు.

"తుమ్ము తుమ్మేనని పెదనాన్నే చెప్పారు," అన్నాను.

ఎన్నికల పనాయె, ఆయనకు ధైర్యం చాలలేదు. కాళ్లు కడుక్కుని కూర్చున్నాడు. లేచాడు. ఇంకో కాయ విరిచాను. మళ్ళీ కూర్చున్నాడు. ఆ పూట నాకు కలిగినంత ఆనందం నా పెళ్ళినాడు కూడా కలగలేదు. జీపు వెళ్ళేసరికి ఆఫీసులో గడువు దాటిపోయింది.

సాయంత్రం వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"కావాలనే తుమ్మావు కదే?"

"మరి మీరో?" అన్నాను.

ఆ వేసవిలో నేను మళ్ళీ ఇంటర్వ్యూకి బయల్దేరాను. బస్సు మలుపు తిరిగేదాకా పెదనాన్న కండువాతో ముక్కు మూసుకునే నిలబడ్డాడు.