ఎవరూ ఒప్పుకోని పల్లం

కరోనా మాస్కులు ఇంకా కొందరి గడ్డాల కింద వేలాడుతున్న ఏడాది అది. బంగాళాఖాతంలో పుట్టిన తుపాను ఒడిశా దగ్గర తీరం దాటి, జంషెడ్‌పూర్ మీదికి వాన మోసుకొచ్చింది. నేనప్పటికి బస్తీల్లో డ్రెయిన్లు వేసే ఒక కాంట్రాక్టరు దగ్గర సైట్ ఇంజినీరుని. నా పనిలో ముఖ్యమైనది లెవెలింగ్, అంటే ఏ నేల ఎంత ఎత్తులో ఉందో కొలిచి, నీరు ఎటు పారుతుందో ముందే చెప్పడం. ఆ కొలతలన్నిటికీ ఆధారంగా కదలని చోట ఒక గుర్తు వేసుకుంటాం. దాన్ని బెంచ్‌మార్క్ అంటాం. భాలుబాసా దాటి సువర్ణరేఖ నది వైపు దిగితే ఒక బస్తీ ఉంది. అక్కడ ఒడ్డు కోసుకుపోకుండా కట్టిన రిటైనింగ్ వాల్ మీద నేను వేసిన ఎర్రగీత అలాంటి గుర్తే.

బస్తీలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి తాతల కాలంలో వచ్చినవాళ్లు. రైల్వేలోనో, కాంట్రాక్టు పనుల్లోనో బతుకు చూసుకున్నారు. తుపాను వెళ్లిపోయింది, వాన ఆగింది, మర్నాడు పొద్దున్నే ఎండ కూడా కాసింది. అప్పుడొచ్చింది అసలు కబురు. ఎగువ ఆనకట్ట గేట్లు ఎత్తారు. చీకటి పడేసరికి నీరు గోడ చుట్టి బస్తీలోకి వచ్చి, నా ఎర్రగీత ఎత్తుదాకా చేరవచ్చని ఆఫీసు అంచనా. మైకు కట్టిన ఆటో ఒకటే తిరుగుతోంది: “నిచ్‌లే ఇలాకే కే లోగ్ తురంత్ సురక్షిత్ స్థాన్ పర్ చలే జాయే!” పల్లపు ప్రాంతాలవాళ్లు వెంటనే సురక్షితమైన చోటికి వెళ్లిపొమ్మని. గోల్‌మురి వైపు ఒక బడి తెరిచి, అన్నం కూడా వండిస్తున్నారు. బస్తీలో మాత్రం ఒక్కరూ కదల్లేదు. “ఆ సందులు నీకు తెలుసు, తెలుగూ వచ్చు. నువ్వెళ్లు” అని ఆఫీసువాళ్లు నన్ను పంపారు.

సందు పైచివర బట్టలారేస్తున్న ఒకాయన్ని, ఇంకా ఇక్కడే ఉన్నారేమని అడిగాను. “మాది మెరక మేడమ్. నిచ్లా ఇలాకా అదిగో, ఆ కిందోల్లది” అన్నాడు. కిందింటికి వెళ్లాను. “మాదా? మాదీ మెరకే. పల్లం ఆ రేకులిల్లు కాణ్నించి.” రేకులింటావిడ చేపలు తోముతూ, తలెత్తకుండా మోచేత్తో ఇంకా కిందికి చూపించింది. అలా మోచేతులూ, గరిటెలూ, గడ్డాలూ చూపించిన దారినే దిగుతూ ఆఖరి ఇంటికి చేరాను. దాని తర్వాత ఉన్నది గోడ, గోడ తర్వాత ఏరు. ఆ ఇంటాయన జాలిగా అవతలి ఒడ్డు చూపించాడు. “నిచ్లా అంతే అదమ్మా. పాపం, ముందు ఆల్లకి సెప్పండి.”

అందరూ చివరికి చెప్పిన మాట మాత్రం ఒకటే: “అప్పలనరసమ్మప్ప లెగిత్తే మేమూ లెగుత్తాం.”

అప్పలనరసమ్మ ఇల్లు సందు మధ్యలో ఉంది. మూడు మెట్లెక్కి వెళ్లాల్సిన ఎత్తరుగు. సందు మొత్తానికీ అదే మేడకింద లెక్క. ఆమె గుమ్మంలో మినప్పిండి గిన్నె పెట్టుకుని కూర్చుంది.

“ఓలమ్మ! నువ్వేనేటి ఆ మైకోడిని అంపింది?” అంది నన్ను చూడగానే. “ఎవుల్ని నీచులంతన్నాడు? మా మావ కాలంనించి ఈ ఊల్లో బతుకుతన్నాం. ఒకల్ది దోసుకున్నామా, ఒకల్ని ముంచినామా? నీచపోల్లంతా ఎల్లిపోండంతే ఎవులెల్తారు?”

లోపలినుంచి ఆమె మనవరాలు లావణ్య తల బాదుకుంటూ వచ్చింది. కాలేజీ పిల్ల. “నీచ్ నహీ దాదీ, నిచ్లా! నిచ్లా మత్లబ్ డౌన్ వాలా.”

“ఆ డౌనోలు ఎవులే మరి? మనమేటి?”

నాకు నవ్వొచ్చింది. అంతలోనే సిగ్గేసింది. మన దేశంలో ‘కింద’ అనే మాట నేల ఎత్తు ఒక్కటే చెప్పి ఊరుకోదు, ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టారో కూడా చెబుతుంది. తరతరాలుగా ఆ మాట పడ్డవాళ్లను మైకు పెట్టి మళ్లీ అదే మాటతో పిలుస్తున్నాం. పైగా పలకలేదేమని విసుక్కుంటున్నాం! మనిషి ఒప్పుకోవలసింది ప్రమాదాన్నయితే ఒప్పుకుంటాడు. తాను కిందివాడినని ఒప్పుకున్నాకే ప్రాణం దక్కుతుందంటే మాత్రం కాసేపు ఆలోచిస్తాడు.

“అది సరే పెద్దమ్మా, తుపాను నీళ్లు వస్తున్నాయి” అన్నాను.

“తుపానంతే నాకు సెప్తావేటి? మా ఊల్లో తాటిసెట్లు ఇరిగి సెరువులో పడ్డం సూసినాను నాను. గాలేది? సముద్రమేది? ఎండ కాత్తంది, ఒడియాలెడదామనుకుంతన్నాను.”

ఆమె తెలివితక్కువది కాదు. కోస్తాలో అది అక్షరాలా నిజం. గాలి పోతే గండం గడిచినట్టే. ఇక్కడ గాలి పోయాకే గండం మొదలవుతుంది. ఎక్కడో కొండల్లో కురిసిన వాన, ఆనకట్ట నిండాక, ఎండలో మెరుస్తూ వస్తుంది. తుపాను అంటే ఏమిటో బాగా తెలిసినవాళ్లే ఆ తెలిసినదాన్ని నమ్ముకుని కూర్చున్నారు.

నేను ఇదే ఊళ్లోని సీతారాండేరాలో మా నాన్న నడిపిన హేతువాద చర్చావేదికలో, దయ్యాల మీదా వాస్తు మీదా వాదిస్తూ పెరిగినదాన్ని. ఊరుకుంటానా? కొంగు బిగించాను. కారణం, కార్యం, గేట్లు, ప్రవాహం, నది వంపు, అన్నీ చెప్పాను. అప్పటికి సందు సగం అక్కడే పోగయింది. అప్పలనరసమ్మ పిండి కలపడం ఆపి మరీ విన్నది.

“బాగా సెప్పినావు పాపా. సదువుకున్న గుంటవి. టీ తాగి ఎల్లు” అంది.

వాదనలో గెలిచాను. లేచినవాళ్లు మాత్రం లేరు.

టీ తాగుతుంటే, లోపల కిటికీ పక్క మంచం మీదున్న ఎర్రయ్యగారు కనిపించారు. అప్పలనరసమ్మ భర్త. రైలుపట్టాలు సరిచేసే గేంగులో పనిచేసి రిటైరయ్యారు. పక్షవాతంతో ఒక వైపంతా పడిపోయింది, మాట మాత్రం దానికి చిక్కలేదు. చీకట్లో నీరు గుమ్మమెక్కితే ఆ మనిషి ఆ మంచం మీంచి లేవలేడు. నాకు భయం వేసింది.

పక్కింట్లో గోడ కడుతున్నారు. మేకుకి మేస్త్రి లెవెల్ పైపు వేలాడుతోంది. లోపలి నీరు కనిపించే సన్నటి ప్లాస్టిక్ గొట్టం అది. గాలిబుడగ లేకుండా నీరు నింపి రెండు కొసలూ రెండు చోట్ల పట్టుకుంటే, నేల ఎలా ఉన్నా, లోపలి నీరు రెండు కొసల్లోనూ ఒకే ఎత్తులో నిలుస్తుంది. లక్షల ఖరీదు యంత్రం కూడా అంతకన్నా నిజం చెప్పలేదు.

“ఎవరిది మెరకో తేల్చుకుందాం, రండి” అన్నాను.

ఒక కొస ఎర్రగీత దగ్గర నేను పట్టుకున్నాను, రెండో కొస ఆఖరి ఇంటి గోడకు లావణ్య ఆనించింది. నీరు నిలిచిన చోట సుద్దముక్కతో గీత గీశాం. ఆ ఇంటాయన నెత్తికంటే ఎత్తున పడింది. ఆయన అవతలి ఒడ్డు మాట మళ్లీ ఎత్తలేదు. అక్కణ్నుంచి పక్కింటికి, ఆ పక్కింటికి. జనం జాతరలా వెంటపడ్డారు. “రేకులింటోలకి పీకలదాకా!” అని ఒకరు, “నీకు నడుందాకా, ముందు నీ లుంగీ సూసుకో!” అని ఇంకొకరు. సందు పైచివర మెరకాయన గుమ్మంలో గీత మోకాలి దగ్గర పడింది.

“పైపు ఎత్తి పట్టుకున్నావు, మోసం!” అన్నాడు.

“అంకుల్, ఆప్ ఖుద్ పకడియే” అని లావణ్య కొస ఆయన చేతికే ఇచ్చింది. ఆయన పట్టుకున్నాడు, వంగి చూశాడు, పీటెక్కి చూశాడు. నీరు అక్కడే నిలిచింది. అందరూ ఈలలు వేశారు.

తిరిగి వస్తూ, కిటికీలోంచి పైపును అప్పలనరసమ్మ ఇంట్లోకి దింపాం. మంచం పక్క గోడమీద సుద్దగీత ఎర్రయ్యగారి తలగడకు జానెడు పైన పడింది. ఆయన మెడ తిప్పి ఆ గీతను చాలాసేపు చూశారు.

“పట్టాల కింద లెవలు సూసి సూసి రిటైరైనోన్ని. నీలు అబద్దమాడవు. ఒలే, ఎల్దామే. నాను సేపని కాను.”

అప్పలనరసమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. అటు తిరిగే అంది: “మరి నిన్నెలగ తీసుకెల్లడం? నలుగురు మంచమెత్తి నిన్ను గుమ్మం దాటించడం... బతికున్న మడిసిని... నాను సూడలేను.”

నలుగురు కలిసి మనిషిని గుమ్మం దాటించేది ఎప్పుడో అందరికీ తెలుసు. గాలి, ఎండ, ఒడియాలు, నీచపు మాట, అన్నీ ఈ ఒక్క భయం చుట్టూ కట్టిన దడి. శకునాల మీద నా పాత ఉపన్యాసం నాలిక చివరిదాకా వచ్చింది. అంతలో ఎర్రయ్యగారే అందుకున్నారు.

“మంచమెందుకే? కుర్సీ తెండి. పెల్లికి నాను నడిసొచ్చినాను, మీ అయ్య పల్లకీ ఎట్టనేదు. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకుంతాను.”

అప్పలనరసమ్మ ఏడుపులోంచే నవ్వేసింది. “ముసిలోడికి సోకు సూడండి!” అంటూ లేచి, ట్రంకుపెట్టె తీసి, జరీ కండువా ఆయన భుజాన వేసింది.

ప్లాస్టిక్ కుర్చీకి రెండు వైపులా పక్కింటి పరంజా వెదుళ్లు కట్టాం. ఎర్రయ్యగారిని కూర్చోబెట్టి, పడిపోకుండా చీరతో బిగించాం. లావణ్య ఫోన్లో బ్యాండుమేళం పెట్టింది. ముందు పిండిగిన్నెతో అప్పలనరసమ్మ, వెనక పల్లకీ, దాని వెనక తలుపులకు తాళాలు వేసుకుంటూ సందు సందంతా. మెరకాయన చంకలో కుక్కరు పెట్టుకుని నా పక్కనే నడిచాడు. “నాను బయపడి రాడం నేదు మేడమ్. పెల్లికి పిలిసినారని వత్తన్నాను.”

ముందుగా పారిపోయినవాడు నవ్వులపాలవుతాడు. అందుకే ప్రతి మనిషీ పక్కవాడి తలుపు చూస్తూ కూర్చుంటాడు. ఊరేగింపులో మాత్రం ఎవరు ముందో ఎవరికీ పట్టదు.

చీకటి పడుతుండగా నీరొచ్చింది. అది తీశాక నేనూ వాళ్లతో వెళ్లాను. ఎర్రయ్యగారి పరుపు మీద ఒండ్రు. గోడమీద బురదచార, దానిపైన చెక్కుచెదరని నా సుద్దగీత. అప్పలనరసమ్మ ఆ రెంటి మధ్యా నాలుగు వేళ్లు ఆనించి చూసింది.

“బెత్తెడు తప్పినావు, ఇంజినీరు పాపా.”

అజ్ఞానంవల్లే జనం కదలరని అంతకుముందు నేను గట్టిగా నమ్మేదాన్ని. ఆధారం లేని నమ్మకాన్ని ఏమంటారో నేనే అందరికీ చెప్పేదాన్ని కదా, నాది కూడా అదే. మనుషులు హేతువు విననివాళ్లు కారు. ఆ హేతువు వాళ్ల గోడమీదికి, వాళ్ల తలగడ దగ్గరికి రావాలి. దానితోపాటు తలెత్తుకుని గుమ్మం దాటే దారి కూడా ఉండాలి. ఈ రెండోది చర్చావేదికలో నాకెవరూ నేర్పలేదు.

ప్రతి ఇంటి సుద్దగీత మీదా బస్తీవాళ్లు తామే నీలిరంగు పూసుకున్నారు. మరుసటి వానాకాలం ఒక మధ్యాహ్నం నా ఫోను మోగింది.

“పాపా, గేట్లెత్తినారంట, లావణ్య ఫోన్లో సూసింది. మీ మైకోడు ఇంకా రానేదేటి? నీలిగీతోలం మేం ఎల్లిపోతన్నాం. పెల్లికొడుకు అప్పుడే కుర్సీ ఎక్కీసినాడు.”