గల్లీ నల్లా దగ్గర మా రాళ్లు

మా గల్లీ నల్లాలో నీళ్ల కంటే ముందు గాలి వస్తుంది. మొదట ఒక చిన్న నిట్టూర్పు, తర్వాత ఎవరో గొంతు సవరించుకున్నట్టు గురగుర, ఆ తర్వాత కాసేపు ఏమీ ఉండదు. ఆ ఏమీ లేని కాసేపే నాకు ఇష్టం. మధ్యాహ్నపు ఎండ వాలి, కార్ఖానా మెయిన్ రోడ్డు హారన్లన్నీ గోడల అవతలే ఆగిపోయి, గల్లీలో పిల్లి కూడా కదలని వేళ, ఎక్కడో తిరుమలగిరి వైపు నుంచి నేల కింద నీళ్లు మెల్లగా నడిచి వస్తున్నట్టు అనిపిస్తుంది. చేస్తున్న పని ఆపి కూర్చుంటాను. బియ్యం ఏరుతుంటే బియ్యం చేటలోనే ఉండిపోతాయి. మా ఆయన చూసి, "మళ్ల నీళ్ల కలల పడ్డవా" అంటాడు. పడ్డాననే చెబుతాను.

నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. నేను కోడలిగా ఈ గల్లీకి వచ్చిన కొత్తలో ఇళ్లలో నల్లాలు లేవు. గల్లీ మొదట్లో, కిరాణా దుకాణం పక్కన సిమెంటు గద్దె, దాని మీద ఒక ఇనుప పైపు, పైపుకు ఇత్తడి నల్లా. అందరికీ అదే దిక్కు. అక్కడ లైను కట్టేది మనుషులు కాదు, రాళ్లు. పొద్దున్నే ఎవరి రాయి వాళ్లు వరసలో పెట్టేసి పనుల్లోకి వెళ్లిపోయేవాళ్లు. రాయంటే రాయే కానక్కర్లేదు. సగం ఇటుక, పగిలిన బకెట్టు, జత పోయిన బూటు, ఏదైనా సరే. అది అక్కడుంటే మనిషి ఉన్నట్టే. ఒకరి ముఖం ఒకరు చూడనంతగా తగాదా పడ్డవాళ్లు కూడా ఒకరి రాయిని ఒకరు కాలితో జరిపేవాళ్లు కాదు. నీళ్లు రాగానే గద్దె దగ్గరున్న మనిషి కేకేస్తే, అప్పుడు బిందెలతో వచ్చి ఎవరి రాయి వెనక వాళ్లు నిలబడేవాళ్లు.

చేతుల గోరింటాకు ఇంకా ఎర్రగా ఉండగానే అత్తమ్మ నన్ను పెరట్లోకి తీసుకెళ్లి ఒక బండ ముక్క చేతిలో పెట్టింది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన షాబాదు బండ. ఒక మూల విరిగింది. తలుపులకు వేసిన ఆకుపచ్చ రంగు ఒక చుక్క దాని మీద పడి ఎండిపోయి ఉంది.

"గిది నీ రాయి. నాది నాకున్నది," అంది. "ఒక్క ఇంటికి రెండు రాళ్లేందని ఎవరన్న అంటే నాతోని చెప్పు. కోడలొచ్చింది, కోడలి జాగ కోడలికి ఉండాలె."

పుట్టింటివాళ్లు పెట్టిన సామాను ఆ ఇంట్లో చాలానే ఉంది. కానీ నాది అని నాకు మొదట అనిపించింది ఆ బండ ముక్కే. దాన్ని అత్తమ్మ రాయి వెనక పెట్టి, నీళ్లొచ్చేదాకా గోడ నీడలో నిలబడి ఎన్ని మధ్యాహ్నాలు కలలు కన్నానో. ఏం కలలని అడిగితే ఇప్పుడు ఒక్కటీ చెప్పలేను.

తర్వాత ఇంటింటికీ కనెక్షన్లు వచ్చాయి. మోటార్లు వచ్చాయి, డాబాల మీద నల్ల ట్యాంకులు వచ్చాయి. రాళ్లు చెల్లాచెదురయ్యాయి. కొన్ని పూలకుండీల కింద చేరాయి. నా బండ, గేటు గాలికి కొట్టుకోకుండా దానికి అడ్డంగా కూర్చుంది. గల్లీ నల్లా మాత్రం అక్కడే ఉండి, నీళ్ల రోజు దాని మానాన అది కారుతూ ఉండేది.

కొంతకాలంగా అత్తమ్మ మరిచిపోతోంది. మొదట వస్తువుల పేర్లు పోయాయి, తర్వాత చుట్టాలు పోయారు, ఆ తర్వాత నేను పోయాను. ఆసుపత్రిలో కొన్నాళ్లు ఉండి ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి ఆమెకు నేను సిస్టరమ్మను. అన్నం కలిపి తెస్తే, "మా కోడలిని రానియ్యుండ్రి సిస్టరమ్మా, ఆమె వచ్చినంక తింట" అంటుంది. నేనే కోడల్ని అత్తమ్మా అంటే, పరాయివాళ్లను చూసి నవ్వినట్టు మర్యాదగా నవ్వుతుంది. నాకు ఒళ్లు మండేది ఆ మర్యాదకే. వంటింట్లోకి వెళ్లి గిన్నెలు ధనాధన పడేసేదాన్ని. ఇన్నేళ్లు నన్ను తిట్టిన నోరు ఇప్పుడు నన్ను 'మీరు' అంటుంటే ఏడుపు వచ్చేది.

నీళ్ల రోజు మాత్రం ఆమె మారిపోతుంది. ఎవరూ చెప్పకుండానే లేచి, జుట్టు ముడేసుకుని, మంచం కింద దాచుకున్న అరిగిన పొత్రం తీసి చంకన పెట్టుకుంటుంది. రోలు ఎప్పుడో పోయింది, పొత్రం ఒక్కటి మిగిలింది. అదే ఆమె రాయి. దాన్ని గద్దె ముందు పెట్టి, బిందె పక్కన పెట్టుకుని నిలబడుతుంది. ఆ కాసేపు నడుం నిటారుగా ఉంటుంది. కళ్లలో తెలివి ఉంటుంది.

గల్లీ అంతా ఖాలా అని పిలిచే పక్కింటి ముస్లిం పెద్దావిడ, అత్తమ్మకు చిన్నప్పటి నుంచీ తెలిసిన మనిషి, తన సగం ఇటుక తెచ్చి ఆ పొత్రం వెనక పెట్టేది. ఆమె ఇంట్లో నీళ్లు పుష్కలం. ఎందుకు ఖాలా మీకీ తక్లీఫ్ అంటే, "ఒక్కతే నిలబడితే లైను ఎట్లయితది బేటీ? లైనంటే ఇద్దరన్న ఉండాలె" అనేది.

ఒకసారి పైపు పని కోసమని గద్దె చుట్టూ తవ్వి పచ్చ వల కట్టారు. ఆ రోజు అత్తమ్మకు నల్లా కనబడలేదు. బిందె చంకన పెట్టుకుని గల్లీ దాటింది, మెయిన్ రోడ్డు దాటింది. ఖాలా వెతుక్కుంటూ పోతే బస్సుల కోసం నిలబడ్డవాళ్లను ఒక్కొక్కరినే, లైను ఏడుంది బిడ్డా అని అడుగుతూ కనిపించిందట. ఆమెను తీసుకొచ్చేసరికి నేను అవతలి గల్లీలన్నీ వెతికి వచ్చాను.

అందుకే వార్డు మీటింగులో ఆ మాట వినగానే నా నిద్ర ఎగిరిపోయింది.

నిజం చెప్పాలంటే నెలనెలా జరిగే ఆ మీటింగుకు నేను ఆనందంగా వెళ్తాను. మా ఆయనకు పడదు. కమ్యూనిటీ హాలులో పాత ఫ్యాను గిర్రుమంటుంటే, కుర్చీల మీద జాగ ఆపుకోవడానికి వేసిన కర్చీఫులు, సంచులు, కళ్లజోడు డబ్బాలు చూస్తూ కూర్చుంటే హాయిగా మత్తు వస్తుంది. స్పీడు బ్రేకరు కావాలని ఒకరు, ఉన్న స్పీడు బ్రేకరు నడుములు విరగ్గొడుతోందని ఇంకొకరు. చెత్త బండి మరీ పొద్దున్నే వస్తోందని, రావడమే లేదని. ఒక పెద్దాయన ప్రతి నెలా తన ఇంటి ముందు దీపం గురించే మాట్లాడతాడు. పోయిన నెల అది వెలగడం లేదన్నాడు, ఈ నెల కిటికీలోంచి కళ్లలో పడుతోందన్నాడు. మా వార్డు మెంబరు అన్నిటికీ తల ఊపి "చూద్దాం, వచ్చే మీటింగుల పెడ్దాం" అంటాడు. ఆ వాయిదాల మధ్య కళ్లు మూతలు పడితే ఎంత బాగుంటుందో.

ఆ రోజు నీళ్ల విభాగంలోకి కొత్తగా బదిలీ మీద వచ్చిన ఇంజనీరు లేచాడు. చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కా, చక్కటి మాట. మా గల్లీ పేరు చెప్పి, "అక్కడి వీధి నల్లా తీసేద్దామనుకుంటున్నాం. వాడేవాళ్లు లేరు, నీళ్లు వృథా" అన్నాడు.

"లేరని ఎవరు చెప్పిండ్రు సార్?" అన్నాను. నిలబడ్డానన్న సంగతి ఆ తర్వాత తెలిసింది.

"ఇంటింటికీ కనెక్షన్ ఉంది కదా మేడమ్."

"ఉంటే ఏమాయె. ఇప్పటికి సుత లైను కడ్తరు."

"లైనా?"

"లైనే. నీళ్ల రోజు వచ్చి చూడుండ్రి."

మెంబరుకు తల ఊపడం సులువైంది. "సారు వచ్చి చూస్తరు. లైను ఉంటే ఉంచుదాం, లేకుంటే తీద్దాం. ఇగ కుక్కల సంగతి షురూ చేయుండ్రి," అన్నాడు.

ఇంటికి వస్తూ దారి పొడుగునా నన్ను నేను తిట్టుకున్నాను. ఇద్దరు ముసలమ్మల లైను చూసి ఏ ఇంజనీరు ఒప్పుకుంటాడు? మర్నాడు ఇల్లిల్లూ తిరిగాను. మూల ఇంటి టైలరమ్మ, ఎప్పుడూ నాతో ఏదో ఒకదానికి పేచీ పెట్టుకునే మనిషి, మిషను ఆపి నా మాట మొత్తం విన్నది.

"నీ అత్త కోసమే గద. మా రాయి పెడ్త తియ్, పరేషాన్ కాకు," అంది.

అందరూ అదే అన్నారు. మా రాయి పెడ్త.

నీళ్ల రోజు వచ్చింది. మధ్యాహ్నం తిరిగేసరికి, ఎన్నో ఏళ్ల తర్వాత, గల్లీలో రాళ్లు కదిలాయి. ఎండలో అవి ఒక్కొక్కటే వచ్చి చేరుతుంటే నేను అరుగు మీద నిలబడి చూశాను. కిరాణా దుకాణంవాళ్ల పగిలిన బకెట్టు వచ్చింది. టైలరమ్మ ఇస్త్రీ పెట్టె అడుగు పలక వచ్చింది. ఆ బూటు, జత పోయిన ఆ బూటే, ఎక్కడ దాచారో మళ్లీ వచ్చింది. అదంతా నేను మళ్లీ కొత్త కోడలినై చూస్తున్నట్టుంది. గేటు దగ్గరి నా బండ తీసి కడిగి, ఖాలా ఇటుక వెనక నా కోసం వదిలిన జాగలో పెట్టాను. గేటు కొట్టుకోవడం మొదలుపెట్టింది. వరస చివర గోడ మలుపు దాకా వెళ్లింది. కడుపు నిండిపోయింది నాకు. అందరం ఇళ్లలోకి వెళ్లిపోయాం. నేను టీ పెట్టుకోవడానికి వెళ్లాను.

అవును, వెళ్లిపోయాం. రాయి పెట్టాక ఇంకా నిలబడాలని మాలో ఒక్కరికీ తోచలేదు. ఖాలాతో సహా.

టీ పొంగుతుండగా స్కూటరు ఆగిన చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే ఇంజనీరు. గద్దె దగ్గర అత్తమ్మ ఒక్కతే. పొయ్యి ఆపి పరుగెత్తాను.

"మేడమ్, ఎవరూ లేరు కదా," అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, జాలి ఉంది.

"ఉన్నరు గద సార్," అని వరస చూపించాను. అప్పుడు దాన్ని ఆయన కళ్లతో చూశాను. విరిగిన ఇటుకలు, బకెట్టు ముక్క, ఒంటి బూటు. నవ్వు వచ్చింది. ఆ వెనకే, ఇది లైనంటే ఎవరు నమ్ముతారనిపించింది. ఆయన ఫోను తీసి ఫోటో తీసుకుంటూ, ఈ చెత్త కూడా ఎత్తించాలి అని తనలో తాను గొణుక్కున్నాడు.

అత్తమ్మ కదిలింది. ఆమె తూలుతుందేమోనని నేను మోచేయి పట్టుకున్నాను.

"నువ్వు మధ్యల నిలవడ్డవ్ బిడ్డా," అంది ఆయనతో. "గది టైలరమ్మ జాగ. జెర ఇటు జరుగు."

ఆయన జరిగాడు. ఎందుకు జరిగాడో ఆయనకే తెలియదు.

"గీ పొత్రం నాది. గీ ఇటుక మా అక్కది," అని పక్కింటి తలుపు వైపు చూపించింది. "గా బకెట్టు దుకాణపోళ్లది. గా బూటోళ్లు మస్తు ఆలస్యం చేస్తరు, నీళ్లు అయిపోయినంక ఉరికొస్తరు." ఒక్కొక్కటీ చెబుతూ నడిచింది. ఆయన ఫోను జేబులో పెట్టుకుని వెనకే నడిచాడు. చివరిదాకా పోయి, వెనక్కి వస్తూ నా బండ దగ్గర ఆగి, వంగింది. ఆకుపచ్చ చుక్కను వేలితో తడిమింది.

"గిది మా కోడలిది," అంది.

"ఆమె ఎక్కడమ్మా?"

"వస్తది. రాయి పెట్టి పోయింది గద, తప్పకుంట వస్తది. అందాక ఆమె జాగల ఎవ్వరిని రానియ్య." నా వైపు తిరిగి, "చెయ్యి ఇడువుండ్రి సిస్టరమ్మా, నేను పడను," అంది.

వదిలేశాను. అప్పుడే నల్లా నిట్టూర్చింది. గొంతు సవరించుకుంది. ఆ తర్వాత ఏమీ లేదు. గల్లీ అంతా ఎండ, ఆ వరస, వరసకు కాపలాగా ఆమె. ఆ కాసేపు అలాగే ఉండిపోతే బాగుండునని కోరుకున్నాను.

నీళ్లు పడ్డాయి. "నల్లా వచ్చింది," అని అత్తమ్మ కేకేసింది. నాకు పెళ్లైన కొత్తలో విన్న గొంతు అది. తలుపులు తెరుచుకున్నాయి. ఖాలా, టైలరమ్మ, దుకాణంవాళ్లు, అందరూ బిందెలతో వచ్చి ఎవరి రాయి వెనక వాళ్లు నిలబడ్డారు. ఇంజనీరు గోడకు ఒదిగి దారి ఇచ్చాడు. నల్లా సంగతి ఇక్కడే చెప్పేస్తాను. అది తీసే విషయం వచ్చే మీటింగుకు వాయిదా పడింది, తర్వాత ఆపై మీటింగుకు, ఇంకా వాయిదాల్లోనే ఉంది.

నేను కూడా వెళ్లి నా రాయి వెనక నిలబడ్డాను.

అత్తమ్మ బిందె నిండింది. దాన్ని పక్కకు జరిపి, తర్వాత ఎవరా అని వరస వైపు చూసింది. ఇటుకను చూసి ఖాలాను చూసింది. బండను చూసింది. దాని మీది ఆకుపచ్చ చుక్క దగ్గర కాసేపు ఆగి, మెల్లగా తలెత్తి నన్ను చూసింది.

"వచ్చినవా బిడ్డా," అంది. "బిందె ఏది? ఉత్త చేతులతోని వచ్చినవేందే?"

తన బిందెను నా వైపు తోసింది.