పక్కింటి అక్కదీ అదే గోలీ

నా చిన్నప్పుడు నన్ను పొయ్యి దగ్గరికి రానిచ్చేవారు కాదు, బావి దగ్గరికి పోనిచ్చేవారు కాదు. ఫిట్స్ వచ్చే పిల్లకు నిప్పూ నీళ్లూ గండమని మా ఎడపల్లిలో అందరి మాట. చెరుకు బండ్ల వెంట పిల్లలు గడలు గుంజుకుంటూ ఉరుకుతుంటే, నేను కిటికీ చువ్వలు పట్టుకుని చూసేదాన్ని. నాకు మిగిలింది బడి ఒక్కటే.

నిజామాబాద్ డాక్టరు రాసిన వాల్‌ప్రోయేట్ గోలీలతో ఫిట్స్ ఆగాయి. కానీ చేతులు వణికేవి, పగలంతా నిద్ర ముంచుకొచ్చేది, దువ్వెన నిండా జుట్టు వచ్చేది. బడిలో పిల్లలు 'బోడి' అన్నారు. ఆ మాట భరించలేక, ఎవరికీ చెప్పకుండా గోలీలు మురుగు మోరీలో పడేయడం మొదలుపెట్టాను. నాలుగో రోజు బడిలోనే పడిపోయాను. ఎవరో నా పిడికిట్లో తాళం చెవులు పెట్టారట. ఇనుము పట్టిస్తే ఫిట్స్ దిగుతుందని మా వైపు నమ్మకం.

"గోలీలు పని చేస్తలేవు. రేపటికెల్లి బడి బంద్," అన్నాడు బాపు. నిజం చెబితే తన్నులు, చెప్పకపోతే జన్మంతా ఆ నాలుగు గోడలు. ఎటూ పాలుపోక ఏడుస్తూ కూర్చున్నాను.

చూడడానికి వచ్చిన పక్కింటి అక్క నా తల వైపు, పక్కనున్న గోలీల అట్ట వైపు చాలాసేపు చూసింది. తలుపు దగ్గరగా వేసి, మా అమ్మ ముందే తన లావుపాటి జడ పట్టి లాగింది. అది చేతికొచ్చేసింది. సవరం! లోపల ఉన్నది నా జుట్టులాగే పలచగా, పిలకంత.

"నేను గీ గోలీనే మింగుత," అన్నది. ఈమెకు ఫిట్స్ లేవు కదా అని మేం చూస్తుంటే, "నా మనసు ఒక్కతీరుగ ఉండది. కొన్నొద్దులు నిద్ర లేకుండ ఎగిరెగిరి పడుత, కొన్నొద్దులు మంచం దిగ. జుట్టు ఊడుతున్నదని ఆపిన. బాయికాడికెల్లి గుంజుకొచ్చిండ్రు నన్ను," అన్నది.

పెళ్లి కావలసిన పిల్ల, ఊరందరి దగ్గర దాచుకున్న సంగతి నా కోసం బయటపెట్టింది. "ఆపుడు గాదు చెల్లె, డాక్టర్‌కు చెప్పుడు," అన్నది నాతో. అప్పుడు నేను మోరీ సంగతి కక్కేశాను.

అమ్మ చెప్తే విని, బాపు రెండు దెబ్బలు వేసి, మర్నాడే బస్సెక్కించాడు. డాక్టరు మోతాదు తగ్గించాడు. వణుకు తగ్గింది, జుట్టు మాత్రం మునుపటిలా రాలేదు. బడి మానాల్సిన పని పడలేదు.

పెళ్లయ్యాక, కడుపులో బిడ్డకు ఆ గోలీ మంచిది కాదని డాక్టరే వేరేది రాశాడు. ఈ వయసులోనూ అది మింగందే నాకు పొద్దు గడవదు. గోలీల మీద కోపమూ తగ్గలేదు. రోజూ తిట్టుకుంటూనే మింగుతాను. కాకపోతే, ఇంట్లో అందరికీ వినపడేటట్టు తిడతాను.