బురద తుడవని బొమ్మ

ఐకెన్‌బేక్ ఊళ్లో గోదెలీవ్ అంటే గిట్టనివాళ్లు కూడా ఆమె బొమ్మల్లో వేసే బురదకు మాత్రం వంక పెట్టలేకపోయేవారు.

ఏటా నవంబరులో ఊరి వెనక గుట్ట మీద సైకిల్ పందెం జరిగేది. తారు రోడ్డు మీది పందెం కాదది. నానిన పొలాల్లో, చెట్ల వేళ్ల మీదుగా తొక్కాలి. గట్టు ఎదురైతే సైకిలు భుజాన వేసుకుని పైకి పరిగెత్తాలి. ఆ గట్టు కింద, చేపలు పట్టేవాళ్ల పెద్ద గొడుగు ఒకటి నేలలో గుచ్చి, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని గోదెలీవ్ నిలబడేది. ఒక చేతిలో అట్టకు బిగించిన కాగితాలు, రెండో చేతిలో వడ్రంగి పెన్సిలు.

"వెనక్కి జరగండమ్మా, మీద పడతారు!" అని దారి పక్కన కట్టిన తాడు దగ్గరి కుర్రాళ్లు అరిచేవారు.

"పడనీ. అప్పుడు ఇంకా బాగా కనిపిస్తారు" అనేది ఆమె, తల తిప్పకుండానే.

ఆమె తండ్రి దుకాణాల బోర్డులు రాసేవాడు. గీత గియ్యడం ఆయన దగ్గర నేర్చుకుంది, రంగు వెయ్యడం మిల్లులో నేర్చుకుంది. పదిహేడో ఏట రోన్సె పట్టణంలో పూల గుడ్డలు అచ్చేసే మిల్లులో చేరింది. బొమ్మలోని రంగులన్నీ విడదీసి, ఎరుపుకొక చట్రం, ఆకుపచ్చకొక చట్రం తయారుచెయ్యడం ఆమె పని. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, అదే పని తెర మీద చేసింది. నలభై ఎనిమిదో ఏట మిల్లు మూతపడింది. ఆఖరి రోజు అందరూ కేకు కోసుకుని కళ్లు తుడుచుకుంటుంటే, గోదెలీవ్ తన బల్ల మీది పాత కంప్యూటర్‌ని చంకన పెట్టుకుని గేటు వైపు నడిచింది.

"అదెక్కడికమ్మా?" అన్నాడు కాపలావాడు.

"ఇన్నేళ్లూ నేను దీని ముందు కూర్చున్నా. ఇకమీదట ఇది నా ముందు కూర్చుంటుంది" అని ఆగకుండా వెళ్లిపోయింది. ఎవరూ వెంటపడలేదు.

అప్పటి నుంచి ఊరి సైకిల్ క్లబ్బు గోడపత్రికలన్నీ ఆమెవే. పందెం దగ్గర పెన్సిలుతో పట్టుకున్న గీతల మీద ఇంట్లో కుంచెతో నల్ల సిరా వేసేది. సిరా గీత తప్పితే దిద్దేది కాదు, ఆ కాగితం పక్కన పడేసి మొదటినుంచీ గీసేది. ఆరాక బొమ్మను స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించేది. రంగులు అక్కడే. మిల్లు అలవాటు కొద్దీ ఒక్కో రంగుకు ఒక్కో పొర. ఆకాశం ఒక పొర, చొక్కా ఎరుపు ఒక పొర, బురద ఒక పొర. అయిదు రంగులు దాటనిచ్చేది కాదు. బురద రంగు సరిగ్గా కుదరాలని గట్టు మట్టిని జామ్ సీసాలో తెచ్చి తెర పక్కన పెట్టుకునేది.

"గట్టు మట్టిలో ఎరుపుంటుంది, పొలం మట్టిలో నీలం ఉంటుంది, చూడు" అని భర్త ఊర్బాన్‌కి చూపించేది.

బస్సు డ్రైవరుగా పనిచేసి మానుకున్న ఊర్బాన్‌కి రెండూ ఒకేలా కనిపించేవి. "నా బూట్లకంటుకుంటే నల్లగానే ఉంటుంది. అది గడప మీద తుడిస్తే నువ్వు ఎర్రగా అవుతావు" అనేవాడు.

గోదెలీవ్‌కి యాభై అయిదేళ్లప్పుడు ఆ ఏటి ఆడవాళ్ల పందెం బెర్లిందె గెలిచింది. ఊళ్లో ఉత్తరాలు పంచే ఆవిడ కూతురు. ఇరవై రెండేళ్లు. పొద్దున పందుల ఫారంలో పని, సాయంత్రం సాధన. మూడో చుట్టులో గట్టు దగ్గర బోర్లాపడింది. లేచి రెండడుగులు వేసి మళ్లీ పడింది. రెండోసారి లేచేసరికి నోటి నిండా మట్టి. ఒక కన్ను తెరుచుకోవడం లేదు. ఉమ్మేస్తూ, అరుస్తూ సైకిలు భుజానికెత్తుకుని గట్టెక్కింది. చివర్లో సగం చక్రం తేడాతో గెలిచింది. గోదెలీవ్ గీసింది గెలుపును కాదు, ఆ గట్టెక్కడాన్ని.

మరుసటేటి గోడపత్రికకు ఆ బొమ్మే వెయ్యాలని క్లబ్బు తీర్మానించింది. దాని మీద ఆడమనిషి బొమ్మ రావడం అదే మొదలు. పందేనికి నెల ఉందనగా క్లబ్బు అధ్యక్షుడు ఫిర్మిన్ తోటలో కాసిన చిట్టి క్యాబేజీలు సంచినిండా పట్టుకుని గోదెలీవ్ వంటింట్లోకి వచ్చాడు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బల్ల మీద చదువుకున్నవాళ్లు.

"బొమ్మ బ్రహ్మాండం, గోదెలీవూ. ఒక్కటే చిన్న మాట. చొక్కా మీద పేరు కనపడ్డం లేదు."

"బురద పడితే పేరెలా కనపడుతుంది?"

"అది కాదే, క్లబ్బుని పోషించేది కిటికీల ఫ్యాక్టరీ ఆయన. ఆయన పేరే లేకపోతే మొహం ఎలా పెడతాడో నువ్వే చెప్పు."

"ఆయన మొహం నేను గియ్యలేదుగా."

ఫిర్మిన్ నవ్వాడు, కానీ కుర్చీలోంచి లేవలేదు. "కంప్యూటర్లో ఒక్క నొక్కుతో పోయేదానికి ఇంత రాద్ధాంతమా?"

"ఒక్క నొక్కుతో పోతుంది కాబట్టే నొక్కను. ఆ పిల్ల ఎన్నిసార్లు పడి లేచిందో నువ్వూ చూశావు. బురద తీసేస్తే ఇంక ఆ బొమ్మలో ఏముంటుంది ఫిర్మిన్?"

"సరేలే, నీ ఇష్టం" అని సంచి బల్ల మీద వదిలి వెళ్లాడు. ఆ మాట నమ్మి ఆమె బొమ్మను పొరలతో సహా ప్రెస్సుకి పంపింది. ప్రెస్సువాళ్లకు రంగులు విడివిడిగా కావాలి మరి.

పందేనికి వారం ముందు, శనివారం ఉదయం రొట్టె కోసం బేకరీకి వెళ్లింది. కిటికీలో కొత్త గోడపత్రిక. బేకరీ మారియెత్ లోపలి నుంచే పలకరించింది. "గోదెలీవ్, పాపం బెర్లిందెకి పన్ను నొప్పా?"

గోదెలీవ్ దగ్గరికెళ్లి చూసింది. చొక్కా ఉతికి ఇస్త్రీ చేసినట్టుంది. ఛాతీ మీద ఫ్యాక్టరీ పేరు అక్షరం అక్షరం చదువుకోవచ్చు. మొహం మీద ఒక్క చుక్క లేదు. నల్ల గీతలు మాత్రం ఆమె గీసినట్టే ఉన్నాయి. నోరు తెరిచే ఉంది, కన్ను మూసుకునే ఉంది, మెడ నరాలు బిగుసుకునే ఉన్నాయి. బురద లేకపోయేసరికి ఆ అరుపుకి అర్థం లేదు. ఎవరో పిల్ల శుభ్రమైన బట్టలు కట్టుకుని ఊరికే ఏడుస్తున్నట్టుంది. కింద మూలన ఆమె సంతకం.

రొట్టె కొనకుండానే ఇంటికెళ్లి ప్రెస్సుకి ఫోన్ చేసింది. "అధ్యక్షులవారు చెప్పారండి, బురద పొర ఆపెయ్యమని. మీకు తెలుసనుకున్నాం" అన్నాడు అవతలివాడు అమాయకంగా.

ఫోన్ పెట్టేసేలోపే వాకిట్లో సైకిలు ఆగింది. బెర్లిందె. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"ఆంటీ, కాఫీ కొట్టు ముందు అందరూ నన్ను చూసి 'నోరు తెరువమ్మా, డాక్టరుగారు చూస్తారు' అంటున్నారు." కళ్లు తుడుచుకుని అడిగింది. "బురద మీరే తీసేశారా?"

ఆ ప్రశ్న గోదెలీవ్‌కి చెంప మీద కొట్టినట్టు తగిలింది. తల అడ్డంగా ఊపి, గోడకు వేలాడుతున్న బకెట్టు తీసింది.

"ఊర్బాన్! మైదా జిగురు కాచు. పల్చగా కాదు, పట్టేలాగ."

"ఎంత?"

"అరవై గోడపత్రికలకి సరిపడా."

ఊర్బాన్ ఒకసారి పెళ్లాం మొహం చూసి పొయ్యి వెలిగించాడు.

బెర్లిందె గట్టు దగ్గరికెళ్లి మట్టి తెచ్చింది. గోదెలీవ్ దాన్ని జల్లించి జిగురులో కలిపింది. ముందుగా బేకరీకి వెళ్లారు. మారియెత్ కిటికీలోంచి కాగితం ఊడదీసి, రొట్టెల బల్ల మీద చోటు చేసిపెట్టింది. గోదెలీవ్ కుంచె ముంచింది. ఎక్కడ ఎంత బురద పడిందో ఆమె చేతికి తెలుసు. ఎడమ కంటి మీద ముద్ద, గడ్డం కింద ధార, ఛాతీకి అడ్డంగా పెద్ద మరక. తర్వాత వేలితో కుంచె వెంట్రుకలు లాగి వదిలి చిన్న చుక్కలు చిమ్మింది. కొన్ని మారియెత్ తెల్ల ఆప్రాన్ మీదా పడ్డాయి. రొట్టెల కోసం వచ్చినవాళ్లు వరస మర్చిపోయి చుట్టూ మూగారు.

"అదిగో, ఇప్పుడు పందెంలో ఉంది పిల్ల" అన్నాడొక ముసలాయన. ఆ మాటకి బెర్లిందె మొహంలో రంగు తిరిగొచ్చింది.

మాంసం కొట్టు, కాఫీ కొట్టు, బడి గేటు, బస్టాపు, చర్చి బోర్డు. గోదెలీవ్ చూపించిన చోట బెర్లిందె కూడా వేసింది. తన మొహం మీద తనే బురద వేసుకుంటూ పకపకా నవ్వింది. మందుల షాపాయన మాత్రం ఒప్పుకోలేదు. "అది క్లబ్బు ఆస్తమ్మా, నేను తాకనివ్వను" అన్నాడు. సరేనని అది వదిలేశారు. ఆ వారమంతా దారినపోయేవాళ్లు దాని ముందే ఆగి ఎక్కువగా నవ్వారు.

మధ్యాహ్నం బంగాళాదుంప వేపుళ్ల బండి దగ్గర ఫిర్మిన్ ఎదురొచ్చాడు. అప్పటికే ఎవరో సంగతి చేరవేశారు.

"నీకు మతి పోయిందా గోదెలీవ్? అచ్చయిన కాగితాలు పాడుచేస్తావా?"

"పాడుచేసింది నువ్వు. నేను బాగుచేస్తున్నా."

"ఫ్యాక్టరీ ఆయన ఇవి చూస్తే వచ్చే ఏడు మనకి బ్యానర్ కూడా ఇవ్వడు!"

"బురదంటే భయపడేవాడు సైకిల్ పందేనికెందుకొచ్చాడు? టేబుల్ టెన్నిస్‌కి ఇమ్మను."

బండి చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. ఫిర్మిన్ చెవులు ఎర్రబడ్డాయి. "ఇవాళ్టితో సరి. క్లబ్బుకి నువ్వింక ఒక్క గీత కూడా గియ్యవు."

"గియ్యను. గీసింది మాత్రం తుడవనివ్వను" అని బకెట్టు రెండో చేతికి మార్చుకుని పోస్టాఫీసు వైపు నడిచింది.

ఫిర్మిన్ భయపడింది ఉత్తినే కాదు. పందెం రోజు ఫ్యాక్టరీ ఆయన వచ్చాడు, చూశాడు, నవ్వలేదు. మరుసటేడు ఆయన బ్యానరూ డబ్బూ పక్క ఊరికి పోయాయి. క్లబ్బు పిల్లల పందెం ఒకటి రద్దు చేసుకోవాల్సొచ్చింది. ఒక్క మనిషి మొండితనానికి ఇంత నష్టమా అని కొందరు గోదెలీవ్‌ను పలకరించడం మానేశారు. ఊర్బాన్ కూడా ఓసారి సూపు గిన్నె ముందు, "కాస్త తగ్గితే పోయేదేముంది?" అనేశాడు. రెండు రోజులు ఆమె అతనితో మాట్లాడలేదు. పిల్లల పందెం సంగతి మాత్రం ఆమెనూ బాధించింది. అది జరగాల్సిన ఆదివారం ఊరి చివర పొలంలో తనే తాడు కట్టి, పిల్లల్ని పోగేసి సైకిళ్లు తొక్కించింది, గెలిచినవాళ్లకీ ఓడినవాళ్లకీ బొమ్మలు గీసిచ్చింది.

ఆమె పద్ధతి కూడా మారింది. బురదను ఇక కంప్యూటర్‌కి వదల్లేదు. పాత పళ్ల బ్రష్షును నల్ల సిరాలో ముంచి, కాగితం మీదే చిమ్మేది. గీతా బురదా ఒకటైపోయేవి. కంప్యూటర్లో దాని మీద పల్చటి మట్టి రంగు మాత్రం వేసేది. ఆ రంగు తీసేసినా చొక్కా శుభ్రపడదు. క్లబ్బు గోడపత్రికల మీదికి ఫోటోలు వచ్చాయి. చుట్టుపక్కల పందేల్లో గీసిన ఆమె బొమ్మలు మాత్రం ప్రతి సోమవారం ఆమె గ్యారేజీ తలుపు మీదికి ఎక్కేవి. బెర్లిందెతో పందేల్లో తొక్కే అమ్మాయిలు చాలా దూరం నుంచి వచ్చి వాటిని చూసుకునేవారు. ఘెంట్ నగరంలోని ఆడవాళ్ల క్లబ్బు తమ పందేల పుస్తకంలో బొమ్మలన్నీ ఆమె చేతే వేయించుకుంది.

మూడో ఏడు ఫిర్మిన్ వచ్చాడు. ఈసారి క్యాబేజీలు లేవు, టైపు చేసిన ఒప్పంద పత్రం ఉంది.

"ఫోటోలన్నీ ఒకేలా ఉన్నాయంటున్నారు జనం" అన్నాడు గడప దగ్గరే నిలబడి. "వేస్తావా?"

గోదెలీవ్ కాగితం చదివింది. నాలుగో వరుసలో 'అవసరాన్ని బట్టి మార్పులు చేసుకునే హక్కు క్లబ్బుకు ఉంటుంది' అని ఉంది. కుంచె సిరాలో ముంచి ఆ వరుసను ఈ చివరి నుంచి ఆ చివరికి నల్లగా కప్పేసి, కాగితం అతని చేతికిచ్చింది.

"మరి మాకు నచ్చకపోతే?" అన్నాడు ఫిర్మిన్.

"నచ్చకపోతే వేసుకోకండి. మార్చడం మాత్రం లేదు."

అతను తడి సిరా అంటకుండా కాగితాన్ని తలుపుకి ఆనించాడు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి సంతకం పెట్టాడు. ఊర్బాన్ అతనికి కుర్చీ వేశాడు.

ఆ ఏడు గోడపత్రిక మీద పందెంలో ఆఖరున వచ్చినవాడి బొమ్మ పడింది, బురదతో సహా.